రెండుసార్లు 'నీ ఇష్టం'

పాస్ అన్న మాటతో నా పరిచయం పదో తరగతి లెక్కల పరీక్ష దగ్గరే తెగిపోయింది. మార్చిలో రాస్తే పోయింది, మళ్ళీ కట్టి రాసినా పోయింది. ఆ తర్వాత కుట్టుమిషను ముందు కూర్చున్నాను. అందుకని నలభై ఏడేళ్ళ వయసులో, ఫోనులో ఏదో కార్డులాట ఆడుతూ, తెర కుడిపక్కన పచ్చగా వెలుగుతున్న ఇంగ్లీషు అక్షరాలను 'పాస్' అని కూడబలుక్కుని చదివినప్పుడు నాకు నిజంగానే సంతోషం వేసింది. ఏం చేశానో తెలియదు గానీ ఏదో బాగా చేసే ఉంటాను, అందుకే పాస్ చేశారనుకున్నాను. వెంటనే నొక్కాను.

మిషనుకి అవతల కూర్చున్న మనిషి పకపకా నవ్వింది.

"అక్కా, అది నువ్వు పాసయ్యావని కాదు. 'నేనిప్పుడు ఏం వేయను, నువ్వు కానివ్వు' అని."

ఆమె మా షాపులో మగ్గం పని చేసేది. తిరువూరులో బస్టాండు వెనక సందులో నాది చిన్న లేడీస్ టైలరింగ్ షాపు. జాకెట్లు నేను కుడతాను. చేతుల మీద, వీపు మీద పూసలు, జరీ కుట్టే పని ఆమెది. నాలుగు కర్రల చట్రానికి గుడ్డ బిగించి, దాని ముందు నేల మీద కూర్చుని, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి కుడుతుంది. ఆ చట్రాన్నే మగ్గం అంటారు. మేమిద్దరం పదకొండేళ్ళు ఒకే ఫ్యాను కింద పనిచేశాం. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇద్దరి డబ్బాలూ ఒకేసారి మూతలు తీసేవాళ్ళం. ఆమె నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. భర్త సరుకుల బండి నడుపుతాడు, కూతురు డిగ్రీ చదువుతోంది.

ఆ ఆట నేర్చుకున్న ఆషాఢంలోనే ఆమె షాపులో ఉంటుందా, వెళ్ళిపోతుందా అన్న సంగతి కూడా తేలిపోయింది. రెండూ ఒకే నెలలో జరిగాయి కాబట్టి నాకు ఒకటి గుర్తొస్తే రెండోది కూడా వస్తుంది.

ఆషాఢంలో మాకు పని ఉండదు. పెళ్ళిళ్ళు లేకపోతే మగ్గం జాకెట్లు ఎవరికి కావాలి? వానలు పడితే పల్లెల వాళ్ళు పత్తి చేలల్లో ఉంటారు. మామిడికాయల హడావిడి కూడా అయిపోతుంది. సందులో కుక్కలు కూడా నీడ చూసుకుని పడుకుంటాయి. ఆ ఖాళీలో ఆమె కూతురు వాళ్ళమ్మ ఫోనులోనూ నా ఫోనులోనూ ఈ ఆట పెట్టి, ఒకరి మీద ఒకరు ఆడుకోండని చెప్పి కాలేజీకి వెళ్ళిపోయింది. 'రెండు గంటల్లో నేర్చేసుకుంటారు ఆంటీ' అంది. నాకు రెండు వారాలు పట్టింది.

ఆట చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇద్దరికీ చేతినిండా కార్డులుంటాయి. వాటి మీద కత్తులు పట్టినవాళ్ళు, రెక్కల పాములు, పేరు తెలియని జంతువులు. ఒకసారి నువ్వు ఒక కార్డు వేస్తావు, ఒకసారి ఎదుటివాళ్ళు వేస్తారు. ప్రతి రౌండుకీ కొన్ని నీలం రాళ్ళు ఇస్తారు. కార్డు వేయాలంటే రాళ్ళు ఖర్చు పెట్టాలి. మిగిలిన రాళ్ళు రౌండు అయిపోగానే మాయమైపోతాయి. వేయడం ఇష్టం లేకపోతే పాస్ నొక్కాలి. ఇంతే.

నాకు కొరుకుడు పడనిది ఆ పాసే.

మొదటి వారం నేను ప్రతి రౌండులోనూ ముందుగా పాస్ నొక్కేదాన్ని. ఎందుకంటే, ఒకళ్ళ ఎదురుగా కూర్చుని మనమే ముందు మీద పడటమేంటి? ముందు ఆమెను వేయనిద్దాం, చూసి మనం వేద్దాం. పెళ్ళి భోజనాల్లో ఎవరైనా గారెలు పట్టుకొస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెడతామా లేదా? వద్దని కాదు కదా. వడ్డించేవాడికి కూడా తెలుసు, వద్దని కాదని. వేళ్ళ సందులోంచి రెండు గారెలు జారవిడిచి పోతాడు. నా పాస్ అలాంటిది.

మామూలుగా నేను పాస్ అంటే ఆమె ఏదో ఒకటి వేసేది, మళ్ళీ వంతు నాకొచ్చేది, నేను నా కార్డు వేసుకునేదాన్ని. కాబట్టి నా లెక్క సరిగానే ఉందనుకున్నాను. ఒకరోజు నేను పాస్ నొక్కాను. ఆమె చేతిలోనూ ఏమీ లేదో ఏమో, తనూ పాస్ నొక్కింది. టక్కుమని రౌండు అయిపోయింది. నా రాళ్ళన్నీ పోయాయి. చేతిలో ఐదు కార్డులు అలాగే ఉన్నాయి.

"ఇదేంటి! నేనింకా వేయలేదే!" అన్నాను.

"నువ్వు పాసన్నావు, నేనూ పాసన్నాను. ఐపోయింది."

"నేను ఊరికే అన్నాను!"

"దానికెలా తెలుస్తుందక్కా, నువ్వు ఊరికే అన్నావని?"

ఆమెకి కోపం రాదు. వచ్చినా సూదిలోకి పోతుంది. నాది ముక్కు మీదుంటుంది. ఫోను బల్ల మీద పడేసి, ఇదేం ఆట, మనిషి మనసు తెలియని ఆట అని తిట్టాను. మళ్ళీ ఒకసారి అడగాలి కదా, నిజంగా వేయవా అని! ఇంటికొచ్చిన వాళ్ళని కాఫీ తాగుతారా అని ఒక్కసారే అడిగి ఊరుకుంటామా?

అప్పుడు ఆమె నా ఫోను తీసుకుని ఓపిగ్గా చూపించింది. ఎదుటి మనిషి పాస్ అన్నప్పుడు మన తెర మీద ఆ బటను అక్షరాలు మారతాయట. అదే చోటు, అదే పచ్చరంగు. కానీ 'పాస్' పోయి 'రౌండు ముగించు' అన్న ఇంగ్లీషు మాట వస్తుంది. అంటే ఇప్పుడు నొక్కావంటే అంతేనని ముందే చెబుతుంది. పది రోజులుగా ఆ మార్పు నా కళ్ళ ముందే జరుగుతున్నా నేను చూడలేదు. జీవితమంతా బొత్తాలు కుట్టినదాన్ని, బొత్తాం అంటే నాకు వేలికి తెలిసేదే గానీ చదివేది కాదు.

ఇంకో నియమం కూడా అప్పుడే తెలిసింది. కార్డు వేయకుండా, పాసూ నొక్కకుండా ఊరికే కూర్చుంటే తెర మధ్యలో ఒక గీత కాలుతూ వస్తుంది. అది పూర్తిగా కాలిపోతే పాస్ అన్నట్టే లెక్క. నేను ఒకావిడకి చంక దగ్గర పట్టేసిన జాకెట్టు సరిచేసి వచ్చేసరికి నా వంతు దానంతటదే పోయింది. మాట్లాడకుండా ఊరుకోవడం కూడా ఒక మాటేనని ఆ ఆటలో రాసి ఉంది. నాకది అన్యాయంగానే తోచింది.

'నీ ఇష్టం' అన్న మాట గురించి ఇక్కడ చెప్పాలి. నా వృత్తిలో నేను అన్నిటికన్నా ఎక్కువ విన్న మాట అది. మెడ ఎంత లోతు పెట్టమంటారండీ అంటే 'మీ ఇష్టం'. చేతులు మోచేతి దాకానా అంటే 'మీరెలా కుడితే అలాగే'. విస్సన్నపేట నుంచి ఒక టీచరుగారు వచ్చేది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మీ ఇష్టమేనండి అంది. కుట్టాక వేసుకుని, అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని, 'ఇంత లోతు పెట్టారేంటండీ, స్కూలుకెలా వేసుకెళ్ళను?' అంది. మీ ఇష్టం అంటే, నా మనసులో ఉన్నది నేను చెప్పకుండానే నువ్వు కనుక్కో అని అర్థం. ఇది తెలిసే నేను కొలతలు రాసే పుస్తకంలో 'మీ ఇష్టం' అన్నవాళ్ళ పేరు పక్కన ఒక చుక్క పెట్టుకునేదాన్ని. చుక్క ఉంటే మళ్ళీ ఫోను చేసి అడగాలి.

ఇంత తెలిసినదాన్ని, నేను రోజూ అనే మాట కూడా అదే. డబ్బా మూత పెట్టేటప్పుడు ఆమె రోజూ అడిగేది, "రేపేం తెమ్మంటావక్కా?" నేను రోజూ అనేదాన్ని, "నీ ఇష్టం." పదకొండేళ్ళు ఆమె తన ఇష్టమే తెచ్చింది. నాకు ఉప్పు ఎక్కువనిపించినా తిన్నాను.

ఆషాఢం సగం అయ్యాక ఒక మధ్యాహ్నం, అన్నం తినడం అయిపోవస్తుండగా, ఆమె తల ఎత్తకుండా చెప్పింది.

"ఖమ్మం వచ్చేయమంటున్నారక్కా. మా బావగారు అక్కడ బండ్ల పని చూస్తున్నారు కదా, ఈయనకి రోజూ పని దొరుకుతుందంట. ఇంటి ముందు రూములో మగ్గం వేసుకోవచ్చని మా తోడికోడలు అంటోంది. ఈయన మాత్రం ఏం తేల్చట్లేదు. నీకెలా బాగుంటే అలా చెయ్యమంటున్నాడు." కాసేపాగి అడిగింది. "నువ్వేం చేయమంటావ్?"

ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. వెళ్ళొద్దని నాలుక చివరిదాకా వచ్చింది. వెళ్ళొద్దనడానికి నేనెవర్ని అన్నది కూడా దాని వెనకే వచ్చింది. అంతకన్నా నిజమైన కారణం ఇంకోటుంది. నన్ను అడగాల్సిన అవసరం ఏముంది, తనకి తెలియదా నేనేమంటానో అని ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా ఎదురుగా కూర్చున్న మనిషికి ఆమాత్రం తెలియదా?

"నీ ఇష్టం," అన్నాను.

ఆమె ఒక్క క్షణం చూసింది.

"సరేలే అక్కా. నీ ఇష్టమే నా ఇష్టం," అంది.

ఇద్దరం ఊరుకున్నాం. నేను లేచి చెయ్యి కడుక్కుని మిషను దగ్గరకి వచ్చి కూర్చున్నాను. ఆమె మాత్రం డబ్బా మూత పెట్టకుండా, చెయ్యి కడుక్కోకుండా, అలాగే గోడకి ఆనుకుని కూర్చుంది. వేళ్ళకి అంటిన మెతుకులు ఎండిపోయాయి. తిన్నాక బద్ధకం అనుకున్నాను. ఆరోజు ఆమె రేపేం తెమ్మంటావని అడగలేదు. అది కూడా గమనించాను. గమనించి, చూద్దాం, రేపు తనే మళ్ళీ ఎత్తుతుందిలే అనుకున్నాను.

మర్నాడు ఎత్తలేదు. ఆ మర్నాడూ ఎత్తలేదు. ఇద్దరం మామూలుగానే దారాల రంగుల గురించీ కరెంటు గురించీ మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం ఫోన్లు తీసి ఆడుకున్నాం కూడా. ఆ మూడోరోజు ఆటలో నా చేతిలో చాలా మంచి కార్డులు పడ్డాయి. రెక్కల పాములే రెండు. ముందే వేసేస్తే ఆమె జాగ్రత్త పడుతుంది, దాచి దాచి చివర్లో వేద్దామని పాస్ నొక్కాను. ఆమె పాస్ నొక్కింది. రౌండు అయిపోయింది. ఆ తర్వాత రౌండులో నేను వాటిని బయటికి తీసేలోపే ఆమె నన్ను చిత్తుగా ఓడించింది. ఓడిపోయినవాళ్ళ కార్డులు చివర్లో తిరగేసి చూపిస్తారు కదా, చూసింది.

"అన్నీ చేతిలో పెట్టుకుని పాసంటావేంటక్కా?" అంది.

ఆమె గొంతులో కోపం వినడం నాకు అదే మొదలు. ఆటలో అంత కోపమేంటి అనుకున్నాను.

"తర్వాత వేద్దామని," అన్నాను.

ఆమె ఫోను సంచిలో పెట్టేసుకుంది.

ఆ సాయంత్రమే వాళ్ళాయన వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నాకు నమస్కారం పెట్టి, జేబులోంచి టేపు తీసి మగ్గం కర్రలు కొలుచుకున్నాడు, ఆటోలో పడతాయో లేదోనని. టేపు రెండో చివర పట్టుకుంది నేనే. చేతికి ఎవరైనా టేపు అందిస్తే పట్టుకోవడం నాకు అలవాటు.

మరుసటి ఆదివారం ట్రాలీ ఆటో సందులోకి వచ్చింది. కర్రలు, పూసల డబ్బాలు, ఆమె కూర్చునే పాత దిండు ఎక్కించారు. వెళ్ళేముందు ఆమె షాపులోకి వచ్చి, మగ్గం ఉన్నచోట నేల మీద పడి ఉన్న పూసలు ఏరి నా బల్ల మీద పెట్టింది. గుప్పెడు కూడా లేవు.

"ఫోన్ చెయ్యి, చేరాక," అన్నాను.

"నువ్వు చేస్తే ఎత్తుతా," అంది.

ఎవరూ చేయలేదు.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతాలు, పెళ్ళిళ్ళు, తల ఎత్తడానికి లేదు. మగ్గం పని బజారులో ఒకతనికి ఇచ్చాను. పని బాగానే చేసేవాడు గానీ, ఏదడిగినా 'అలాగేనండి' అని తనకి తోచింది కుట్టేవాడు. రెండు జాకెట్లు విప్పించాను. గోడ పక్కన ఆమె చోటు అలాగే ఖాళీగా ఉంచాను. వచ్చినవాళ్ళు అక్కడ గొడుగులు పెట్టేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఒంటరిగా డబ్బా తిని, ఏం తోచక ఆ ఆట తెరిచాను. ఆమె లేదు కాబట్టి ఆటే ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళతో కలిపింది. అవతల మనిషి పాస్ నొక్కాడు. నా వేలు బటను మీదికి పోయింది. ఈసారి చదివాను. 'రౌండు ముగించు' అని ఉంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. గీత కాలుతూనే ఉంది.

నేను 'నీ ఇష్టం' అన్నాను. ఆమె కూడా 'నీ ఇష్టమే' అంది. మా మధ్య ఏ అక్షరాలూ మారలేదు, ఇప్పుడు ఊరుకుంటే అంతేనని ఎవరూ రాసి చూపించలేదు. నేను మాత్రం ఆమె మళ్ళీ అడుగుతుందని కూర్చున్నాను. ఊళ్ళో వాళ్ళందరి 'మీ ఇష్టం' పక్కనా చుక్క పెట్టి మళ్ళీ అడిగే నేను, నా ఎదురుగా అన్న మాటకి చుక్క పెట్టుకోలేదు.

ఆట మధ్యలోనే వదిలేసి ఆమెకి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది. క్షేమసమాచారాలు అడగలేదు నేను. అడిగితే అక్కడే ఆగిపోతానని భయం.

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదమ్మాయ్. ఆరోజే లేదు," అన్నాను.

అవతల కుక్కరు కూత వినపడింది.

"ఆరోజు చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నానక్కా," అంది. "నువ్వు మళ్ళీ అడుగుతావని."

"అడిగితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని. మా ఆయన నన్నే తేల్చుకోమన్నాడు. నీకు చెప్పాను కదా."

చెప్పింది. నేను విన్నాను కూడా. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. షాపులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆమె ఫోను పెట్టేయకుండా అలాగే ఉంది. పిల్లని అక్కడి కాలేజీలో చేర్చేశారట. వాళ్ళాయనకి పని కుదురుకుందట. ఇంటి ముందు రూములో మగ్గం వేసుకుందట, శ్రావణం పని దొరుకుతోందట. ఇవన్నీ ఆమె మెల్లగా, ఒకటొకటిగా చెప్పింది. ఇక వెనక్కి రావడం అన్నది లేదని నాకు అర్థమయ్యేలాగా, నొప్పి తెలియకుండా.

"ఒకసారి రా అక్కా, ఈ ఆదివారం. ఇల్లు చూద్దువుగాని," అంది.

"చూద్దాంలే," అన్నాను.

అనగానే నాకే వినపడింది. అవతల ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఏంటో ఇప్పుడు నాకు తెలుసు.

"కాదు, వస్తున్నాను," అన్నాను. "పొద్దున మొదటి బస్సుకే వస్తున్నాను. నువ్వు బస్టాండుకి రా."

"వస్తా. ఏం వండమంటావ్?"

నీ, అని నాలుక మీదికి వచ్చేసింది. ఆపుకున్నాను.

"బగారన్నం వండు. గుత్తివంకాయ కూర చెయ్యి. ఉప్పు తగ్గించు, నువ్వు ఎప్పుడూ ఎక్కువ వేస్తావు."

"పదకొండేళ్ళు తిన్నావు, ఒక్కసారి చెప్పలేదే!" అంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఫోనులో తెలియలేదు. నేను కొలతల పుస్తకం తీసి, ఆదివారం షాపు మూత అని రాసుకున్నాను.